‘కృపాసహితముగా’ మాట్లాడటమంటే? (కొలొస్సయులకు 4:6)

“మీ సంభాషణ ఉప్పు వేసినట్టు ఎల్లప్పుడు రుచిగలదిగాను కృపాసహితముగాను ఉండనియ్యుడి.” బైబిల్లోని ఈ వాక్యం చిన్నప్పటి నుంచీ వింటున్నదే, ఇవాళ మాత్రం అడ్డం తిరిగింది. కృప దేవుడు మనకిచ్చేది. “దేవుని కృపవల్ల బాగున్నామండీ” అంటాం. మరి నా మాటలో కృప ఉండడమేమిటి? తోటివాడి మీద “కృప చూపిస్తున్నాను” అంటే పెద్దరికం వెలగబెట్టినట్టు లేదూ?

జవాబు: ఉందండీ, అది సంస్కృతం నుంచి వచ్చిన వాసన. అక్కడ కృప అంటే జాలి. దిక్కులేకుండా దొరికిన పిల్లల్ని శంతనుడు కృపతో పెంచాడు కనుకే వాళ్ళు కృపుడు, కృపి అయ్యారు. ఇచ్చేవాడు పైన, పుచ్చుకునేవాడు కింద.

కొలొస్సయులకు ఈ ఉత్తరంలో పౌలు రాసిన గ్రీకు మాట ‘ఖారిస్’. అందులో చూడముచ్చటైన తీరు, ఊరికే ఇచ్చిన మేలు, ఆ మేలుకు చెప్పే కృతజ్ఞత అన్నీ ఇమిడి ఉన్నాయి. తెలుగులో ఒక్క మాటకు అంత బరువు మోయడం కష్టం కాబట్టి సందర్భాన్ని బట్టి మార్చారు. ఎఫెసీయులకు 2:8లో “కృపచేతనే రక్షింపబడియున్నారు”. 2 కొరింథీయులకు 9:15లో “దేవునికి స్తోత్రము”, ఆ స్తోత్రమూ ఖారిసే!

అసలు నన్ను ఆపేసింది లూకా 6:32. “మిమ్మును ప్రేమించువారినే మీరు ప్రేమించినయెడల మీకేమి మెప్పు కలుగును?” ఈ ‘మెప్పు’ కూడా ఖారిసే. 33, 34 వచనాల్లోనూ అంతే. తిరిగి ఇవ్వగలవాళ్ళకే అప్పిస్తే అందులో ఖారిస్ ఏముంది అని యేసు అడుగుతున్నాడు. వెంటనే 35లో, దేవుడు కృతజ్ఞత లేనివాళ్ళకూ ఉపకారి అంటాడు. ఆ ‘కృతజ్ఞత లేనివారు’ గ్రీకులో ‘అఖారిస్తోస్’, అంటే ఖారిస్ లేనివాళ్ళు. ‘మెప్పు’ తప్పని అనను గానీ, ఈ అల్లిక మొత్తం దాని వెనక దాగిపోయింది.

ఇంకో జవాబు: మా కథోలికుల జపంలో “దేవ వరప్రసాదము చేత నిండిన మరియమ్మా” అంటాం. మీ ప్రొటెస్టెంట్ బైబిల్లో లూకా 1:28లో అదే “దయాప్రాప్తురాలా”. మూలంలో ఖారిస్ నుంచే వచ్చిన మాట. ‘ప్రసాదం’ అంటే ఎవరూ దాచుకోరు, పంచుతారు. అందుకే నాకు కృప కన్నా ఆ మాటే దగ్గర. (మా వైపు పక్షపాతం అనుకున్నా సరే!)

అడిగినవారు: అసలు సంగతి చెప్పేస్తాను. నాది కాని తప్పుకు ఒక సహోద్యోగి నన్ను ఈమెయిల్‌లో కడిగేశారు, అందరినీ కాపీలో పెట్టి మరీ. జవాబు మూడుసార్లు రాసి చెరిపేశాను. కృపాసహితం అంటే నోరు మూసుకుని పడటమేనా అని టెన్షన్.

మొదటి జవాబిచ్చినవారు: అయితే వచనం మొదటి సగం వదిలేశారు మీరు. “ప్రతి మనుష్యునికి ఏలాగు ప్రత్యుత్తరమియ్యవలెనో అది మీరు తెలిసికొనుటకై” అని ఉంది. జవాబివ్వడం గురించే ఈ మాట, మౌనం గురించి కాదు. పైగా వేయమన్నది ఉప్పు, చక్కెర కాదు. తగలాల్సిన చోట తగులుతుంది. ఇది రాసిన పౌలు కూడా తీరిగ్గా కూర్చుని రాయలేదండోయ్, సంకెళ్ళలో ఉండి రాశాడు. అదే అధ్యాయం చివర “నా బంధకములను జ్ఞాపకము చేసికొనుడి” అంటాడు, ఆ వెంటనే “కృప మీకు తోడై యుండును గాక”.

అడిగినవారు: పంపేశాను. తప్పు ఎక్కడ జరిగిందో తేదీలతో సహా రాశాను. కాపీలో మాత్రం ఎవరినీ పెట్టలేదు.