‘నీ చేతు లెట్లాడెనో’నా, ‘నీకెట్లు చేయాడెనో’నా?

అరసున్న:
పోతన భాగవతంలో, రాత్రివేళ తన కొడుకుల్ని చంపిన అశ్వత్థామను ద్రౌపది నిలదీసే ‘ఉద్రేకంబున రారు’ పద్యం నాలుగో పాదం గురించి. పై మూడు పాదాలు: ‘ఉద్రేకంబున రారు శస్త్రధరులై యుద్ధావనిన్ లేరు కిం / చిద్ద్రోహంబును నీకుఁ జేయరు బలోత్సేకంబుతోఁ జీఁకటిన్ / భద్రాకారులఁ బిన్నపాపల రణప్రౌఢక్రియాహీనులన్’. అచ్చు ప్రతుల్లో ‘నిద్రాసక్తుల సంహరింప నకటా నీ చేతు లెట్లాడెనో’ అనే ఉంది. స్టేజీ మీద మాత్రం ‘నీకెట్లు చేయాడెనో’ అని చెవిన పడ్డ గుర్తు. అది ఏ నాటకం? ఎవరు మార్చారు? దుర్యోధనుడి తొడలు విరిగి చనిపోయే కథ, భాసుడి సంస్కృత నాటకం ఊరుభంగాన్ని తెలుగులో వేసే పని చిక్కడపల్లిలో ఒకటి నడుస్తోంది. ఆఖర్న అశ్వత్థామ విల్లెత్తుకుని వెళ్ళిపోయాక తెర వెనక నుంచి ఈ పద్యం వినిపించాలని దర్శకుడి పట్టు. ఏ పాఠం ఇవ్వాలి?

గురులఘువు:
ఛందస్సు తీర్పు చెప్పదు. నీచేతు – లెట్లాడె – నో: త, త, గ (రెండు తగణాలు, ఒక గురువు). నీకెట్లు – చేయాడె – నో: అదీ త, త, గ. యతి రెండింట్లోనూ ని–నీ. అందుకే నోట మారిపోవడం తేలిక. ‘నీకెట్లు చేతాడెనో’ అని పాడేవాళ్ళూ ఉన్నారు, అది మాత్రం చెల్లదు. ఆడేది కర్త కాబట్టి ‘చేయి’ అనే ఉండాలి. చివర ‘నో’ దీర్ఘం తప్పనిసరి, ‘నొ’ అని తుంచితే గురువు పోతుంది.

బమ్మెరదారి:
అసలు కథంత ‘ట్లా’ కాడ ఉన్నది సార్. మా దిక్కు ‘ఎట్ల’ అంటం. ‘ఎట్లా ఆడెను’ అని విడగొట్టి చూడుండ్రి, అది పోతన ఇంటి మాట. ‘ఎట్లు’ను ముందలికి జరిపితే ఆ దీర్ఘం పోయి పాదం చప్పగైతది.

గురులఘువు:
ఎట్లు + ఆడెను, ఉకార సంధి. ఆ దీర్ఘం ‘ఆడెను’లోది. మీరన్నట్టు ‘ఎట్లా’ అనుకున్నా తేలే రూపం ఇదే కనుక, పోతన ఊరు ఏదో ఈ ఒక్క అక్షరం సాక్ష్యం చెప్పలేదు. బమ్మెరా ఒంటిమిట్టా అన్న ఊరి తగువు వేరే పెట్టుకుందాం.

బమ్మెరదారి:
ఊరి తగువు ఎన్నడో అయిపాయె. నేనంటున్నది చెవి సంగతి. గొంతు ఎక్కడ ఆగుతది? ‘లెట్లా’ మీదనే గద!

తెరచాటు:
అక్కడ ఆగడం ఒక్కటే కాదు, ఈ పద్యంలో ఊపిరి ఎక్కడ తీస్తారన్నదే పెద్ద చిక్కు. మొదటి పాదం ‘కిం’ దగ్గర తెగుతుంది. పాదం అయిపోయింది కదా అని ‘కిం’ మీద ఆలాపన పెట్టేస్తారు, ‘కించిత్తు’ రెండు ముక్కలై వినేవాడికి ఏమీ అందదు. ‘యుద్ధావనిన్ లేరు’ అనగానే ఊపిరి తీసుకుని ‘కించిద్ద్రోహంబును’ ఒక్క పట్టున అనాలి. మూడో పాదంలో ‘రణ’ దగ్గర ఆపితే ఇంకా నష్టం. వెనక ‘ప్రౌ’ ఉంది కాబట్టే ‘ణ’ గురువు. అక్కడ విరిస్తే ‘లరణ’ సగణం కాస్తా నగణమై నడక కుంటుతుంది. విరుపు ‘పిన్నపాపల’ తర్వాత. చివరి పాదంలో ‘అకటా’ను అరవకూడదు, గొంతు దించాలి. హార్మోనియం ఎంత పైకి లాగినా సరే.

మడికొండ మామ్మ:
ఆఖరి మాట మీకు తట్టినందుకు సంతోషం తెరచాటు గారూ. దీన్ని తిట్టుపద్యంగా పాడేవాళ్ళే ఎక్కువ. ఇదే సన్నివేశంలోని కందంలో ద్రౌపది ఆ బ్రాహ్మణ్ణి ఏమని పిలిచింది? ‘శిశుమారణ మాసురకృత్యంబు ధర్మమగునె తండ్రీ’. ఐదుగురు కొడుకుల్ని చంపినవాణ్ణి పట్టుకుని తండ్రీ అంటోంది. తర్వాతి ఉత్పలమాలలో వాడి తల్లి ఎక్కడ ఎలా ఏడుస్తోందో అంటుంది. అలాంటి మనిషి నోట ‘ఎట్లాడెనో’ నిజంగా అర్థంకాక అడిగిన మాట. ఇప్పటికీ ‘కాళ్ళూ చేతులూ ఆడలేదు’ అంటాం, బహువచనమే. కత్తి పట్టిన ఒక్క చేయి కాదు, మనిషే కదల్లేకపోవాల్సిన చోట ఎలా కదిలాడని. అందుకని ‘చేతులు’ పాఠమే నాకు ఇష్టం. చేతులకు ‘ఆడెను’ ఏకవచనంలా ఉందేమని ఎవరూ లేవకండి, అమహత్తుకు (చేతుల్లాంటివాటికి) రెండు వచనాలకూ అదే రూపం.

గురులఘువు:
మామ్మగారూ, ఒప్పుకుంటూనే ఒకటి కలుపుతాను. సంస్కృత భాగవతంలో ఈ నిలదీత లేదు. అక్కడ ద్రౌపది నమస్కరించి ‘ముచ్యతాం ముచ్యతామేష’ అని నేరుగా విడిపించమంటుంది, అతని తల్లి గౌతమి ఏడవకూడదంటుంది. ‘ఉద్రేకంబున రారు’ పోతన సొంతం. క్షమించే ముందు నేరం ఏమిటో వరసగా వాడి ముఖానే చెప్పించాడు: కోపంతో మీదికి రాలేదు, ఆయుధం పట్టలేదు, యుద్ధభూమిలో లేరు, నీకు ద్రోహం చేయలేదు, పైగా చీకటి, పైగా నిద్ర. వకీలు కూడా ఇంత పొందికగా చెప్పడు.

సౌప్తికం:
ఆ వకీలు భారతం చదివిన జడ్జి ముందు నిలబడడు లెండి. వ్యాసుడి సౌప్తికపర్వంలో ఉపపాండవులు, అంటే ద్రౌపది కొడుకులు, కలకలానికి లేచారు, విల్లులు పట్టారు, అశ్వత్థామతో తలపడి చచ్చారు. అంతకుముందు యుద్ధంలో పోరాడినవాళ్ళే. ‘రణప్రౌఢక్రియాహీనులు’, యుద్ధనేర్పు లేనివాళ్ళు, ఎలా అయ్యారు? నిద్రలో తలలు తెగడం భాగవతం మాట, ‘స్వపతాం శిరాంసి’. ఇక ద్రౌపది సంగతి: భారతంలో ఆమె వదిలేయమనలేదు. అశ్వత్థామ తలమీది మణి తెచ్చేదాకా ప్రాయోపవేశం, తిండి మానేసి చావడమే, అని కూర్చుంది. భీముడు రథమెక్కాడు, నకులుడు సారథి. ఒకే మనిషి ఒకచోట పగ, ఒకచోట దయ. నాటకంవాళ్ళు ముందు ఏ ద్రౌపది కావాలో తేల్చుకుని ఆ తర్వాత ‘ట్లా’ గురించి కొట్టుకోవచ్చు.

మడికొండ మామ్మ:
పిన్నపాపలు కాకపోతే తల్లికి మరేమవుతారయ్యా?

తెరచాటు:
ఊరుభంగంలో అసలు ద్రౌపది పాత్రే లేదు. పైగా తెర పడేసరికి హత్య ఇంకా జరగలేదు. చివరి శ్లోకంలో ధృతరాష్ట్రుడు ‘పుత్రప్రణాశవిఫలం హి ధిగస్తు రాజ్యం’, కొడుకులు పోయాక ఈ రాజ్యం ఎందుకు, అని తపోవనానికి బయల్దేరతాడు, వెంటనే మూడో పాదం అశ్వత్థామది: ‘యాతోఽద్య సౌప్తికవధోద్యతబాణపాణిః’. ఒకే వసంతతిలక వృత్తంలో ఒకడు అడవికి, ఒకడు నిద్రపోతున్నవాళ్ళ మీదికి. చావబోతూ దుర్యోధనుడే విల్లు దించమన్నాడు, వీడు వినలేదు. దాని మీద ‘ఎట్లాడెనో’ అని భూతకాలం పద్యం పడితే కాలం తారుమారు. దర్శకుడు పట్టు వదలకపోతే ‘బాణపాణిః’ తర్వాత దీపాలన్నీ ఆర్పి, కాస్త నిశ్శబ్దం వదిలి, అప్పుడు ఎత్తుకోవాలి. ప్రేక్షకుడికి రాత్రి గడిచిందని తెలియాలి.

బమ్మెరదారి:
‘పాణి’ అంటే చెయ్యే గద సార్! శ్లోకం చేతిల బాణంతోటి ఆగె, పద్యం చేతుల మీద ముగిసె. మీ దర్శకుడు ఊకె పట్టు పట్టలే.

సౌప్తికం:
చేతుల లెక్కే తీస్తే పోతన దగ్గర ఇంకా ఉంది. మూలంలో ‘చతుర్భుజః’ అన్నది ఒక్క మాట. పోతన కృష్ణుడు రెండు చేతులతో భీముణ్ణి ఆపుతాడు, మిగతా రెంటితో అడ్డం వచ్చిన ద్రౌపదిని తప్పిస్తాడు. బ్రహ్మబంధువును (పేరుకే బ్రాహ్మణుణ్ణి) చంపరాదు, ఆతతాయిని (హంతకుణ్ణి) చంపాలి, రెండూ నా మాటలే అని అర్జునుడి నెత్తిన పెట్టేదీ ఆయనే. అర్జునుడు మణి కోసి, జుట్టు గొరిగి గెంటాడు.

అరసున్న:
‘పిన్నపాపల’ అనే ఉంచుతున్నాం, పాడే అమ్మాయి ‘భద్రాకారుల చిన్నపాపల’ అంటోంది.

గురులఘువు:
ద్రుతం (ముందు మాట చివరి నకారం) మీద ‘చిన్న’ అలాగే ఉండదు, ‘భద్రాకారులఁ జిన్న’ అయి తీరాలి. పిన్న అయితే ‘బిన్న’. గణం మారదు, యతి భ–ప్రౌ కాబట్టి దానికీ దెబ్బ లేదు. అసలు గొడవ రెండో పాదం. ‘చిద్రోహం’ అని ఒక దకారం మింగి అచ్చేస్తున్నారు. ప్రాస కోసమని సమర్థన! కించిత్ + ద్రోహం, ద్ద్ర రావాల్సిందే. పాణిని సూత్రం ‘అనచి చ’ ప్రకారం భద్ర, నిద్రల్లోనూ దకారానికి ద్విత్వం వికల్పంగా వస్తుంది, ప్రాసకు ఏ లోటూ లేదు.

సౌప్తికం:
పాణిని తెలుగు ప్రాసకు పూచీ పడతాడని ఏ లక్షణకర్త అన్నాడో చెప్పండి, అప్పుడు మాట్లాడదాం.