ఆపు యంత్రంబా, ఆర్పు యంత్రంబా?

కాజీపేట చదువరి:
2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాయం ఆగిపోయింది కదా. ఇంట్లో ఉన్న పాత డెస్క్‌టాప్‌ను మేనల్లుడికి ఇచ్చేద్దామని చివరిసారి షట్‌డౌన్ కొట్టాను. అప్పటి నుంచి ఒక ద్విపద తలలో తిరుగుతోంది. 1999లో హనుమకొండలో కంప్యూటర్ నేర్చుకునే రోజుల్లో, విండోస్ 98 మూసేటప్పుడల్లా మా సారు చదివేవారు. ఆయన సొంత కవిత్వమే.

........ ఓరి నా తండ్రి
ఆపుమన్నప్పుడే ఆపు యంత్రంబు

మొదటి పాదం మొదలు మరిచిపోయాను. రెండోదాంట్లో ఆయన ‘ఆపు’ అన్నారా, ‘ఆర్పు’ అన్నారా? చెవిలో ఎక్కడో ఒక ‘ర్’ వినిపిస్తోంది.

గణవిభజన:
గణాలు మీకు సాయం రావు. ఆపు, ఆర్పు రెండూ గలాలే (గురువు, లఘువు). మూడు రగణాలు, చివర హగణం, యతి ఆ-ఆ. పాదం నిక్షేపంగా ఉంది. తేల్చాల్సింది ప్రాస, అంటే రెండు పాదాల్లోనూ రెండో అక్షరం కలవడం. ఆ ప్రాస ఉన్న మాటనే మీరు పోగొట్టుకున్నారు!

జమ్మికుంట టీచరమ్మ:
ఇందులో పోయిందేముంది? ‘ఓర్పుతో కూర్చుండు, ఓరి నా తండ్రి.’ ఓ-ఓ యతి, ర్ప-ర్ప ప్రాస. ఆర్పు ఖాయం.

గణవిభజన:
‘ఓపికగా నుండు, ఓరి నా తండ్రి.’ ఇదీ సరిపోయింది కదా టీచరమ్మా? ప-ప ప్రాస. ఆపు ఖాయం.

జమ్మికుంట టీచరమ్మ:
సరిపోవడం వేరు, సారు నోట రావడం వేరు.

పరకాల డీటీపీ:
ఛందస్సు తర్వాత, ముందు యంత్రం సంగతి చూడండి. నల్లటి తెర మీద నారింజ రంగు అక్షరాలు గుర్తున్నాయా? ‘ఇక కంప్యూటర్ ఆఫ్ చేసుకోవచ్చు, భయం లేదు’ అని ఇంగ్లీషులో వచ్చేది. అప్పటి ఏటీ కేబినెట్లలో (పాత రకం కంప్యూటర్ డబ్బాలు) స్విచ్ నొక్కితే కరెంటు నేరుగా పోయేది. డిస్క్ మీదికి ఎక్కాల్సిన సరుకు ఇంకా మెమరీలోనే ఉండగా తొందరపడి నొక్కారా, మళ్ళీ ఆన్ చేసినప్పుడు నీలం తెర, డిస్క్‌లో తప్పులు వెతికే స్కాన్‌డిస్క్, అది అయ్యేదాకా చేతులు కట్టుకుని కూర్చోవడం. సారు ‘అన్నప్పుడే’ అని నొక్కి చెప్పింది అందుకే. ‘ఆపు’మనేది కూడా సారు కాదు, యంత్రమే. ఏటీఎక్స్ అనే కొత్త రకం కేబినెట్లు వచ్చాక కంప్యూటర్ తనంతట తానే ఆరిపోవడం మొదలైంది, ఆ నారింజ అక్షరాలు మాయమయ్యాయి.

నా లెక్క ప్రకారం అక్కడ ఉన్నవి రెండు వేరువేరు క్రియలు: ‘ఆపుమన్నప్పుడే ఆర్పు యంత్రంబు.’ డబ్బా ఆగుతుంది, మానిటర్ ఆరుతుంది. పాత పిక్చర్ ట్యూబు మానిటర్లలో వెలుగంతా నడిమధ్య ఒక చుక్కలా ముడుచుకుని పోయేది, చూశారు కదా. అది ఆరడమే.

జమ్మికుంట టీచరమ్మ:
తమ్మీ, ‘తనంతట తానే ఆరిపోవడం’ అని నువ్వే రాశావు, మళ్ళీ చదువుకో. కంప్యూటర్ ‘ఆగిపోయింది’ అంటే మన దగ్గర అర్థం ఏమిటి? హ్యాంగ్ అయిందని. మౌసు కదలదు, మూడు మీటలు కలిపి నొక్కినా పలకదు. ఏ సారైనా పిల్లలకు ‘ఆపు యంత్రంబు’ అని హ్యాంగ్ చెయ్యమని నేర్పుతాడా?

గణవిభజన:
బస్సు ఆపు అంటే బస్సు చెడగొట్టమనా? ఆపడం వేరు, ఆగిపోవడం వేరు.

ఓరుగల్లు పాత చదువరి:
ఒక మాట. ఇంట్లో దీపాన్ని ‘ఆర్పు’ అనడానికి మా నాయనమ్మ ఒప్పుకునేది కాదు. దీపం కొండెక్కింది అనాలి. ద్విపదలు కట్టేంత పాతకాలపు మనిషి రోజూ పొద్దుగూకే వేళ పిల్లల ముందు ‘ఆర్పు, ఆర్పు’ అంటాడా? నా ఓటు ఆపుకే.

మట్టెవాడ కుర్రాడు:
అన్నలూ, అక్కలూ, వరంగల్‌లో ఈ రెండు మాటలూ ఎవరంటారు చెప్పండి? లైటైనా, ఫ్యానైనా, కంప్యూటరైనా ‘బంద్ చెయ్’ అంటాం. సెప్టెంబరు 9న కాళోజీ పేరు మీద భాషా దినోత్సవం చేసుకుంటాం, 10వ తేదీ నుంచి మళ్ళీ ‘యంత్రంబు’!

ఓరుగల్లు పాత చదువరి:
ఆ ‘యంత్రంబు’ ఎగతాళికి పెట్టింది తమ్మీ. ఇంగ్లీషు డబ్బాకు గ్రాంథికం తలపాగా చుట్టారు. లేకపోతే ఆయన ద్విపదనే ఎందుకు పట్టుకుంటారు? మన పాలకుర్తి సోమన జానుతెనుగులో బసవపురాణం చెప్పడానికి ఎంచుకున్నది ద్విపద. వృత్తాలు పండితులకు, ద్విపద అందరూ కూడి పాడుకోవడానికి. యతిప్రాసల విషయంలో కూడా ఆయన స్వేచ్ఛ తీసుకున్నాడు. కాబట్టి సారుకు ప్రాస తప్పినా నేను తప్పు పట్టను. సోమనను నిదానంగా, గొంతెత్తి చదివి చూడండి, అక్కడ...

గణవిభజన:
సోమన మొదలుపెడితే మీరు ఆపరు. ఆరరు కూడా.

పరకాల డీటీపీ:
సోమన సరే, నాకు మాత్రం పోతన అంటే ముందు ఫాంటే గుర్తొస్తుంది. పోతన2000, వేమన2000. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు చేసినవి. అంతకు ముందు మేం డీటీపీలో పెళ్ళిపత్రిక కొట్టి ఫ్లాపీలో తీసుకెళ్తే, ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో పెళ్ళికూతురి పేరు చోట ఇంగ్లీషు అక్షరాలు, పిచ్చి గుర్తులు కనిపించేవి. ఎక్స్‌పీలో గౌతమి ఫాంట్ వచ్చాకే, యూనికోడ్‌లో ఒకచోట రాసింది ఇంకోచోట తెలుగుగా కనబడటం చూశాను. ఎక్స్‌పీ అంటే అందరూ ఆ పచ్చగుట్ట ఫొటో తలుచుకుంటారు. నేను తలుచుకునేది గౌతమిని.

ఓరుగల్లు పాత చదువరి:
ఫాంట్‌కు పేరిచ్చిన పోతన ఊరు బమ్మెర ఇక్కడికి ఎంత దూరమని! గజేంద్రమోక్షంలో ‘అల వైకుంఠపురంబులో’ దగ్గర కలం సాగకపోతే రాముడే వచ్చి పూరించి వెళ్ళాడని చెప్పుకుంటాం. అక్కడ కూడా పద్యం ‘ఆగింది’, ఆరలేదు. గమనించండి.

జమ్మికుంట టీచరమ్మ:
ఆహా, రాముణ్ణి కూడా మీ పక్షంలో కలుపుకున్నారా! రేపు ఒంటిమిట్ట వాళ్ళు వచ్చి పోతన మావాడు అంటే అప్పుడు ఏమంటారు?

గణవిభజన:
ఆ తగాదా ఇక్కడ వద్దు. పోయినసారి నూట యాభై కామెంట్లు అయ్యాయి.

చింతగట్టు విద్యార్థి:
ఆలస్యంగా చూశాను. నేనూ అదే సెంటర్, రెండేళ్ళ తర్వాతి బ్యాచ్. నాకు ఇలా గుర్తు:

ఓర్చుకో నాయనా ఓరి నా తండ్రి
ఆర్చుమన్నప్పుడే ఆర్చు యంత్రంబు

గణవిభజన:
ర్చ-ర్చ! మూడోది కూడా సరిపోయింది. ఇక దిక్కెవరు?

జమ్మికుంట టీచరమ్మ:
ఆర్చు అంటే ఆర్పే కదా, పాత రూపం. మంట ఆర్చడం, దాహం ఆర్చడం. అంటే గెలిచింది నేనే.

గణవిభజన:
అర్థం గెలిచింది, అక్షరం ఓడింది. మీరు పందెం కాసింది ‘ర్ప’ మీద.

కాజీపేట చదువరి:
చింతగట్టు అన్నా, నువ్వు చేరేసరికి సారు దగ్గర కొత్త కేబినెట్లు వచ్చాయా? వచ్చి ఉంటే నారింజ అక్షరాలే ఉండవు, ఆ పద్యం చదివే పనే ఉండదు కదా.

చింతగట్టు విద్యార్థి:
వచ్చాయి. అక్షరాలు లేకున్నా సారు పద్యం మానలేదు. మేం తెర నల్లబడేదాకా నిలబడేవాళ్ళం.

పరకాల డీటీపీ:
అయితే కేబినెట్‌తో పాటు పద్యం కూడా మారిందన్నమాట. 1999లో ఆపు, 2001లో ఆర్చు. చదువరి అన్నా, ఆ పాత డబ్బాను మేనల్లుడికి ఇచ్చే ముందు అందులో విండోస్‌కు బదులు తెలుగు లినక్స్ ఏదైనా ఎక్కించు. షట్‌డౌన్ మీట మీద ఏం రాసి ఉందో ఫొటో తీసి పెట్టు.

మట్టెవాడ కుర్రాడు:
‘బంద్’ అని ఉంటే అందరూ నాకు చాయ్ తాగించాలి.