గైడ్ మేడమ్ ప్రతి పేజీలో 'హౌ డు యు నో?' అని రాస్తున్నారు. నా ఇంగ్లీషు బాగుపడే దారేది?

కంభం చెరువు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది మార్కాపురం వైపు. ఇంటర్ దాకా తెలుగు మీడియం. డిగ్రీ పేరుకే ఇంగ్లీషు మీడియం, పాఠం తెలుగులోనే నడిచేది, పరీక్షల ముందు గైడు కొని బట్టీ పట్టేవాళ్ళం. ఇప్పుడు చెన్నైలో ఎమ్మెస్సీ జియాలజీ రెండో సంవత్సరం. ఇక్కడ గైడ్ అంటే పుస్తకం కాదు, ఎర్ర పెన్ను పట్టుకున్న మా మేడమ్.

నా డిసర్టేషన్ చెన్నైలో ఇంకుడు గుంతల మీద. 2003లో తమిళనాడులో ప్రతి భవనానికీ వాన నీటిని ఇంకించే ఏర్పాటు తప్పనిసరి చేశారు కదా, ఆ తర్వాత బావుల్లో నీటిమట్టం ఎలా మారిందో చూస్తున్నాను. పాత లెక్కలు ప్రభుత్వ రికార్డుల్లోవి. ఇప్పటివి నేనే టేపు పట్టుకొని మైలాపూర్ నుంచి బీసెంట్ నగర్ దాకా తిరిగి కొలిచాను, మొత్తం 42 బావులు. తమిళం అంతంత మాత్రం వచ్చినా ఆ పని హాయిగా అయిపోయింది. రాయడం దగ్గరే చతికిలపడ్డాను.

మొదటి వాక్యం 'ఫ్రమ్ టైమ్ ఇమ్మెమోరియల్, వాటర్ ఈజ్ ద ఎలిక్సిర్ ఆఫ్ లైఫ్' అని పెట్టాను. పదో తరగతి వ్యాసాల అలవాటు, 'అనాది కాలం నుండి' అనకపోతే నాకు కలం కదలదు. మేడమ్ దాన్ని అడ్డంగా కొట్టేశారు. రెండో పేజీలో 'ఇంకుడు గుంతల వల్ల భూగర్భ జలాలు పెరిగాయి' అన్న అర్థంలో రాస్తే పక్కన 'హౌ డు యు నో?' అని ఉంది. అలాంటివి మొత్తం 11 లెక్కపెట్టాను. ఇంకోచోట 'టూ మెనీ యాండ్స్'. చివరికి కాపీ పట్టే సాఫ్ట్‌వేర్‌లో వేస్తే పోలిక 34 శాతం! కాపీ కొట్టలేదు, ప్రతి వాక్యంలోనూ మాటలు మార్చాను.

ఆరు వారాలే ఉంది. గ్రామర్ మొదటి నుంచి చదవాలా? టీ నగర్‌లో స్పోకెన్ ఇంగ్లీష్ కోర్సు ఉంది, చేరమంటారా? రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు.

రెండో డికాషన్

బ్రో, తెలుగులో రాసి చాట్‌జీపీటీకి ఇచ్చెయ్. అరగంట పని. ఎందుకింత టెన్షన్?

అడయార్ మర్రి

పై ఆయన మాట విన్నావంటే వైవాలో, అదే మౌఖిక పరీక్షలో, మేడమ్ అదే 'హౌ డు యు నో?' నోటితో అడుగుతుంది. అప్పుడు అరగంట కాదు, అర నిమిషం కూడా నిలబడలేవు.

తమ్ముడూ, నేను కావలి దగ్గర జిల్లా పరిషత్ స్కూల్లో చదివి, ఇక్కడే పీహెచ్‌డీ చేశాను. కోర్సు డబ్బులు దాచుకో. మేడమ్ అడిగింది ఇంగ్లీషు ప్రశ్న కాదు. 2005లో చెన్నైని వానలు ముంచెత్తాయి. అంతకు ముందు ఏడాదే వీరాణం చెరువు నీళ్ళు ఊళ్ళోకి వచ్చాయి, దాంతో జనం బోర్లు తోడడం తగ్గి ఉండొచ్చు. మరి బావుల్లో నీళ్ళు పెరిగితే అది గుంతల పుణ్యమా, వానల పుణ్యమా, వీరాణం పుణ్యమా? నీ వాక్యం ఆ మూడింట్లో రెంటిని మింగేసింది. ఆవిడ అడిగేది అదీ.

నీకు ఇది రాదనుకుంటున్నావు గానీ పుట్టినప్పటి నుంచి చేస్తూనే ఉన్నావు. 'వాన పడింది' అంటే నువ్వు తడిశావు. 'వాన పడిందట' అంటే ఎవరో చెప్పారు. 'వాన పడినట్టుంది' అంటే వాకిలి తడిగా కనిపించింది. మీ అమ్మ ఈ మూడూ ఎప్పుడూ కలిపెయ్యదు. అకడమిక్ ఇంగ్లీషులో ఇరుసు ఇదే. 'పడింది' అన్నచోట నీ 42 కొలతలు చూపించు. 'అట' అన్నచోట ఎవరన్నారో, ఏ ఏడాది అన్నారో పెట్టాలి. 'నట్టుంది' అన్నచోట 'సజెస్ట్స్', 'అపియర్స్ టు', 'మే హావ్ కాంట్రిబ్యూటెడ్ టు' వాడు. నీ చిత్తు ప్రతి తీసుకొని ప్రతి వాక్యం పక్కన ఇది 'డింది'నా, 'అట'నా, 'నట్టుంది'నా అని పెన్సిల్‌తో తెలుగులోనే రాసుకో. ఆ 11 చోట్లూ నీకే దొరుకుతాయి. ఒక్క జాగ్రత్త: 'క్లెయిమ్స్' అని రాస్తే 'అంటున్నాడు గానీ నాకు నమ్మకం లేదు' అన్న వాసన వస్తుంది. నేను మా హెచ్ఓడీ పేపరు గురించి అలా రాసి తిట్లు తిన్నాను.

మొదటి అధ్యాయానికి జాన్ స్వేల్స్ అనే భాషావేత్త 1990లో చెప్పిన పద్ధతి ఉంది. పరిశోధన వ్యాసాల ముందుమాటల్లో మూడు అడుగులు కనిపిస్తాయంటాడు. నీ పేరు చూస్తే నాకు ఇలా చెప్పాలనిపిస్తోంది: ముందు చెరువు చూపించు, అంటే ఇప్పటిదాకా ఎవరెవరు ఏం తేల్చారో. తర్వాత గండి చూపించు, వాళ్ళు వదిలేసింది ఎక్కడో. ఆపైన ఆ గండి నువ్వు దేనితో పూడుస్తున్నావో చెప్పు. అనాది కాలం దాకా వెళ్ళక్కర్లేదు, 2003 నుంచి మొదలుపెడితే చాలు.

ఇక 34 శాతం. యూజీసీ 2018 నిబంధనల్లో 10 శాతం దాకా శిక్ష లేదు. 10 దాటి 40 లోపైతే దిద్ది ఆరు నెలలకు మించని గడువులో మళ్ళీ ఇమ్మంటారు. సరిగ్గా పేరు చెప్పి ఉటంకించినవీ, చివరి రిఫరెన్సులూ లెక్కలోకి రావు, అవి తీసేసి చూశారో లేదో ముందు కనుక్కో. కానీ మాటలు మార్చానన్నావు చూడు, రోగం అక్కడే ఉంది. వాళ్ళ వాక్యం ఎముకలు అలాగే ఉంచి చొక్కా మార్చావు. పేపరు మూసెయ్. రూమ్‌మేట్‌కి అందులో ఏముందో తెలుగులో చెప్పు. వాడికి అర్థమైందంటే అప్పుడు ఇంగ్లీషులో రాసి, పేరూ సంవత్సరమూ పెట్టు.

పెరంబూర్ మాస్టారు

అమ్మాయి బాగా చెప్పింది. 'యాండ్‌'ల సంగతి నేను చెబుతాను, 31 ఏళ్ళు తెలుగు చెప్పినవాణ్ణి. నాయనా, క్త్వార్థకం గుర్తుందా? 'వాన పడి, నీరు ఇంకి, బావిలో చేరి, మట్టం పెరిగింది.' తెలుగులో ఎంత పొడుగు లాగినా తెగదు, చివర ఒక్క సమాపక క్రియ వచ్చి గొలుసు బిగిస్తుంది. నువ్వు ప్రతి 'ఇ'కారానికీ ఒక 'యాండ్' పెట్టి ఇంగ్లీషులోకి దించుతున్నావు. అక్కడ బిగింపు మొదట్లో ఉంటుంది. 'మట్టం పెరిగింది' అన్నది ముందు చెప్పి ఆపు. ఎలా పెరిగిందో రెండో వాక్యంలో చెప్పు. పేరాకీ అంతే. మనం అన్నీ చెప్పి చివర అసలు సంగతి విప్పుతాం, వాళ్ళు మొదటి వాక్యంలోనే దాని కోసం వెతుకుతారు.

'ఎ', 'ద' తెలుగులో లేవు కాబట్టి తప్పులు వస్తాయి. దిగులు పడకు. ఒక బావి గురించి మొదటిసారి చెబితే 'ఎ వెల్', మళ్ళీ అదే బావి దగ్గరికొస్తే 'ద వెల్'. ఆ ఒక్కదానితో సగం పోతాయి. మిగతా సగం నాకూ పోలేదు.

రెండో డికాషన్

సరే, ఒప్పుకుంటున్నా. మాస్టారూ, క్త్వార్థకం అన్న మాట విని పదేళ్ళయింది.

కంభం చెరువు

అక్కా, మాస్టారూ, మీరు చెప్పినట్టే రెండు వారాలుగా చేస్తున్నాను. సొంత పుస్తకాలు తీసుకెళ్ళొచ్చు కాబట్టి కొట్టూర్‌పురం అన్నా లైబ్రరీలో కూర్చుంటున్నా. రూమ్‌మేట్ బీకామ్, వాడికి ఉప్పునీరు బావుల్లోకి ఎలా చొరబడుతుందో చెప్పడానికి మూడు సాయంత్రాలూ, ఆరు టీలూ పట్టాయి. పోలిక 9కి వచ్చింది.

పెన్సిల్ పని చేస్తే ఒక విచిత్రం బయటపడింది. నేను 'పడింది' అని రాసినవాటిలో సగానికి పైగా 'అట'లే. నా సొంత కొలతల దగ్గర మాత్రం భయపడి 'మే బీ' అని రాసుకున్నాను! టేపుతో నేనే కొలిచినదానికి 'మే బీ' ఏమిటో.

ఆ పాత వాక్యం ఇప్పుడు ఇలా ఉంది: '2003 తర్వాత పరిశీలించిన బావుల్లో నీటిమట్టం పెరిగింది. ఇందులో ఇంకుడు గుంతల పాత్ర ఉండవచ్చు, అయితే 2005 వానల ప్రభావాన్ని ఈ లెక్కలతో విడదీయలేం.' ఇంగ్లీషులో మూడు వరుసలొచ్చింది. నిన్న మేడమ్‌కి చూపించాను. ఎర్ర ఇంకు ఒక్కచోటే ఉంది, 'విచ్ వెల్స్?' అని. నిజమే, ఏ బావులో ఎక్కడా రాయలేదు. పట్టిక వేస్తున్నాను.