పమేరియన్ జర్మనీదా, ఇంగ్లండ్‌దా? మన ఇళ్లలో పెరిగినది ఏది?

వేపచెట్టు:
పమేరియన్ కుక్క విక్టోరియా రాణి తయారు చేయించిన ఇంగ్లీషు జాతి అని ఒక మిత్రుడు, పేరులోనే పొమెరేనియా ఉన్నది గనుక అది అచ్చమైన జర్మన్ జాతి అని మరొకరు మొన్న నా ఎదుటే వాదించుకున్నారు. దేనికి ఆధారం ఉన్నది? ఇరవై ఏళ్ల కిందట మా ఇంట్లో పెరిగిన తెల్ల పమేరియన్ పది కిలోలు తూగేది. రోహిణి కార్తెలో అది స్నానాలగది తడి గచ్చుకు పొట్ట ఆనించి పడుకుంటే, పొద్దు వాలేదాకా పిలిచినా కదిలేది కాదు. అంత పెద్దది కాబట్టి కల్తీ జాతేనని చూసినవారంతా తేల్చేసేవారు.

గోదారిగట్టు:
పేరు ఒక చోటిది, ఇప్పటి పరిమాణం మరో చోటిది అన్నది నా అభిప్రాయం. పొమెరేనియా బాల్టిక్ తీరాన, నేడు కొంత జర్మనీలో, కొంత పోలండ్‌లో ఉన్న ప్రాంతం. దాని పొరుగున ఉన్న మెక్లెన్‌బర్గ్-స్ట్రెలిట్జ్ నుంచి 1761లో మూడవ జార్జిని పెళ్లాడి లండన్ చేరిన షార్లెట్ రాణి, ఆ వైపు కుక్కలను రప్పించుకుని పెంచుకున్నది. అయితే ఆనాటి పమేరియన్ బొమ్మకుక్క కాదు. 1781లో గెయిన్స్‌బరో గీసిన నటి మేరీ రాబిన్సన్ నిలువెత్తు చిత్రం లండన్‌లోని వాలెస్ కలెక్షన్‌లో ఉన్నది. అందులో ఆమె పక్కన కూర్చున్న తెల్లని బొచ్చుకుక్కను చూస్తే, దానిని చంకన పెట్టుకుని తిరగవచ్చునని ఎవరికీ తోచదు.

విక్టోరియా పాత్ర షార్లెట్ తర్వాత శతాబ్దానికి గాని మొదలు కాలేదు. 1888లో ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో ఆమెకు దొరికిన మార్కో అనే పమేరియన్ సుమారు 12 పౌన్లు, అంటే దాదాపు ఐదున్నర కిలోలు తూగేది. 1891లో ఆమె కుక్కలు క్రఫ్ట్స్ అనే కుక్కల ప్రదర్శనకు వెళ్లాయి. ఆ ఏడే ఇంగ్లండ్‌లో ఈ జాతికి సంఘం ఏర్పడింది. కానీ నేటి అమెరికన్ కెన్నెల్ క్లబ్ ప్రమాణం 3 నుంచి 7 పౌన్లే కాబట్టి, ఈ జాతికి మూలపురుషుడిగా చెప్పుకునే మార్కో కూడా ఆ కొలతలో ఇమడదు. పైగా అది ఇటలీలో అప్పటికే ఉన్న చిన్న కుక్క. రాణి దానికి మోజు తెచ్చిపెట్టింది; చిన్నవాటిని చిన్నవాటితోనే జతకట్టిస్తూ తరతరానికీ పరిమాణం తగ్గించిన పని పెంపకందారులది.

ఉత్తరగాలి:
మోజు ఎవరిదైనా జాతి మారదు కదా! అంతర్జాతీయ కుక్కల సమాఖ్య ఎఫ్‌సీఐ తన 97వ ప్రమాణంలో జర్మన్ స్పిట్జ్‌ను, అంటే మొనదేలిన మూతి, దట్టమైన బొచ్చు గల జర్మన్ కుక్కను, ఐదు పరిమాణాలుగా విభజించి, అన్నిటికన్నా చిన్నదానికే పొమెరేనియన్ అనే పేరిచ్చింది. అన్నదమ్ములలో కడగొట్టువాడు వేరే ఇంట పెరిగినంత మాత్రాన ఇంటిపేరు పోతుందా?

గోదారిగట్టు:
పోదు, వంశం జర్మనీదేనని నేనూ ఒప్పుకుంటాను. కాకపోతే జర్మనీలో స్పిట్జ్ సంఘం 1899లో గాని ఏర్పడలేదు; అప్పటికి ఇంగ్లండ్ సంఘానికి ఎనిమిదేళ్లు. ప్రదర్శనల కోసం ఈ కుక్క రూపాన్ని నిర్ణయించడంలో ఇంగ్లీషువారే ముందున్నారన్నంత వరకే నా వాదన.

ఇక వేపచెట్టు గారి కుక్క సంగతి. మన ఊళ్లలో పమేరియన్ అని పిలిచిన తెల్ల కుక్కలలో చాలావరకు ఇండియన్ స్పిట్జ్‌లు. బ్రిటిష్ కాలంలో ఇక్కడికి చేరిన స్పిట్జ్‌ల సంతతి. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా దీనిని వేరే జాతిగానే గుర్తిస్తున్నది. పది కిలోల ఒళ్లు, తెల్ల బొచ్చు చూస్తే మీ కుక్క నేటి మూడు కిలోల నారింజరంగు బంతి కన్నా గెయిన్స్‌బరో గీసిన దానికే దగ్గరగా ఉన్నట్టు తోస్తుంది. కల్తీ అన్నవారు ఏ శతాబ్దపు పమేరియన్‌ను దృష్టిలో పెట్టుకుని అన్నారో ఈసారి అడిగి చూడండి.