చర్చ: మెడికల్ కాలేజీ యూనివర్సిటీలో ఉండాలా, విడిగా ఉండాలా?

కవిటి మాస్టారు:
విశాఖలో మెడికల్ కాలేజీ 1923లో మొదలైంది. మూడేళ్లకు ఆంధ్రా యూనివర్సిటీ పుట్టింది. చాలాకాలం ఆ కాలేజీ ఈ యూనివర్సిటీ కిందే నడిచింది. 1986లో విజయవాడలో హెల్త్ యూనివర్సిటీ పెట్టాక వైద్య కళాశాలలన్నీ అటు వెళ్లిపోయాయి. దీనివల్ల మనకు నష్టమే ఎక్కువ జరిగిందని నేనంటాను.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. మా ఊళ్లో కిడ్నీ జబ్బు లేని వీధి లేదు. షుగరూ బీపీ లేకుండా, తోటపని చేసుకునే మనిషికి నలభై దాటగానే కిడ్నీలు ఎందుకు పోతున్నాయో, ఇదీ కారణమని ఇంతవరకు ఎవరూ తేల్చలేదు. నీళ్ల సంగతి కెమిస్ట్రీ వాళ్లు చెప్పాలి, నేల సంగతి జియాలజీ వాళ్లు చెప్పాలి. రోగులేమో మెడికల్ కాలేజీ ఆసుపత్రి కేజీహెచ్‌లో ఉన్నారు. యూనివర్సిటీకీ ఆసుపత్రికీ మధ్య దూరం ఆటోలో వెళ్లేంతే. అయినా ఒకరి మొహం ఒకరు చూసుకోరు.

సర్జరీ పీజీ:
మాస్టారూ, మీ బాధ కాదనను. కానీ 1986కి ముందు మాత్రం యూనివర్సిటీ ఏమిచ్చింది? పరీక్ష పెట్టింది, పట్టా ఇచ్చింది. ఇప్పుడు రాష్ట్రమంతా ఒకే సిలబస్, ఒకే పరీక్ష. అది చిన్న మేలు కాదు. మా కాలేజీకి బలం క్యాంపస్ కాదండీ, వార్డు. శ్రీకాకుళం నుంచి, ఏజెన్సీ నుంచి, కోరాపుట్ నుంచి వస్తారు. పుస్తకంలో ఒక్క పేరాలో ఉండే జబ్బు మాకు మంచం మీద కనిపిస్తుంది. పాముకాటు, తలకు దెబ్బ, పేగు మెలిక ఒకే రాత్రి చూసిన హౌస్‌సర్జన్‌కి చేయి తిరగకుండా ఎలా ఉంటుంది?

లెక్కల టీచర్ (రిటైర్డ్):
బాబూ, వార్డు బలమే. కానీ చూసినదాన్ని రాసి దాచకపోతే ఆ బలం మీతోనే పోతుంది. మా తమ్ముణ్ని ఒక ప్రభుత్వాసుపత్రిలో చేర్చినప్పుడు పక్క మంచం ముసలాయన కాగితాలు చూశాను. ఆరేళ్ల రిపోర్టులు, బట్టల షాపు కవర్లో, రబ్బరు బ్యాండు వేసి. కిడ్నీలు దెబ్బతింటే రక్తంలో పెరిగే క్రియాటినిన్ అంకెలు వరసగా పెరుగుతూ ఉన్నాయి. అన్నీ ఆ కవర్లోనే ఉన్నాయి, ఆసుపత్రి దగ్గర ఒక్కటీ లేదు. అలాంటి కవర్లు వెయ్యి ఒకచోట చేరిస్తే ఉద్దానం ప్రశ్న కొంతైనా కదలదా? ఆ పనికి స్టాటిస్టిక్స్ తెలిసినవాళ్లు పక్కన ఉండాలి.

ఇది మనకు కొత్తేమీ కాదు. ఆపరేషన్‌కి మత్తుమందుగా క్లోరోఫాం ఇస్తే ముందు గుండె ఆగుతుందా, ఊపిరి ఆగుతుందా అని 1888, 1889లలో నిజాం డబ్బుతో హైదరాబాద్‌లో ప్రయోగాలు జరిగాయి. నడిపించింది హైదరాబాద్ మెడికల్ స్కూల్ ప్రిన్సిపాల్ ఎడ్వర్డ్ లారీ. అదే తర్వాత ఉస్మానియా మెడికల్ కాలేజీ అయింది. ఊపిరే ముందు ఆగుతుందని వాళ్లు తేల్చారు. గుండె కూడా ఆగగలదని తర్వాత రుజువైంది, అంటే వాళ్లు తేల్చింది తప్పు. అయినా లండన్ నుంచి లాన్సెట్ అనే వైద్య పత్రిక మనిషిని పంపి చూసింది. ప్రశ్న మన ఊళ్లోంచి వెళ్లింది!

పాడేరు ఆశా వర్కర్:
పెద్దవాళ్లు మాట్లాడుతున్నారు, ఒక్క మాట. పోయిన వానాకాలం కాన్పు మనిషిని డోలీలో మోసుకుని దిగాం. కింద ఆసుపత్రిలో ఆ రాత్రి డాక్టర్ లేరు. కాలేజీ ఎవరి కింద ఉంటేనేం, అక్కడ చదివినవాళ్లు మా దగ్గర ఉండాలి కదా. ఇక్కడ పని ఎలా ఉంటుందో చదువుకునేటప్పుడే కొన్ని నెలలు చూపిస్తే కొండంటే భయం పోతుంది.

సర్జరీ పీజీ:
అక్కా, మీరన్నది నిజం. నేనూ ఏజెన్సీలో పదిహేను రోజులే ఉన్నాను, అదీ హాజరు కోసం.

టీచర్ గారూ, కవరు సంగతి చదివాక రాత్రి మా వార్డులో చూశాను. పన్నెండు మందిలో తొమ్మిది మంది దగ్గర అలాంటి కవర్లే. కానీ మూడొందల ఓపీ చూసిన ప్రొఫెసర్‌కి సాయంత్రం ఇంకా ఓపిక ఎక్కడుంటుంది? యూనివర్సిటీ మారినంత మాత్రాన మనుషులు పెరగరు. ఈ మాట మాత్రం నేను వదలను.

లెక్కల టీచర్ (రిటైర్డ్):
వదలొద్దు. బెనారస్‌లో వైద్య కళాశాల యూనివర్సిటీలోనే ఉంది కాబట్టి అన్నీ బాగున్నాయని నేనూ అనను. కానీ పీజీలంతా మూడేళ్లలో థీసిస్ రాయాల్సిందే కదా. గైడ్ మీ డిపార్ట్‌మెంట్ వారే ఉండనీ, కో-గైడ్‌గా క్యాంపస్ నుంచి ఒకరిని అడగడానికి ఎవరి కింద ఉంటేనేం?

సర్జరీ పీజీ:
నా టాపిక్ ఖాయమైపోయింది. కిడ్నీ విభాగం నెఫ్రాలజీలో నా జూనియర్ ఒకడు ఇంకా వెతుక్కుంటున్నాడు. అడుగుతాను.

కవిటి మాస్టారు:
అడుగు నాయనా. మా పంచాయతీలో ఏ బోరు ఎప్పుడు వేశారో, దాని నీళ్లు ఏ వీధి తాగిందో నా దగ్గర నోటుబుక్కులో ఉంది. 1998 నుంచి రాసుకుంటున్నాను. ఎవరొచ్చినా ఇస్తాను.