చీటీ పాటలో ఒకరి నష్టమే మరొకరి లాభమా?

ప్రశ్న: తూముగట్టు

మా వీధిలో 20 మందితో నడిచిన లక్ష రూపాయల చీటీ ఒకటి ఈ మధ్యే ముగిసింది. దాని లెక్క వేసి చూసినప్పటి నుంచి ఒక సందేహం పట్టుకుంది. అంకెలను తేలిక కోసం కొద్దిగా సవరించి చెబుతున్నాను. నెలకు 5,000 చొప్పున 20 నెలలు. చీటీ నడిపే ఆయన కూడా ఒక సభ్యుడే. ఆనవాయితీ ప్రకారం మొదటి నెల లక్షా పాట లేకుండా ఆయనే తీసుకున్నారు. రెండో నెలలో బట్టల కొట్టు యజమాని 30,000 తగ్గించి పాడుకుని 70,000 అందుకున్నారు. అక్కడి నుంచి తగ్గింపు నెలనెలా ఒకే లెక్కన దిగుతూ చివరి నెలకు 5,000 దగ్గర ఆగిందనుకోండి. ప్రతి పాటలోనూ 5,000 కమీషన్ పోగా మిగిలిన తగ్గింపును 20 మందికీ సమానంగా పంచారు.

ఈ లెక్కన ఒక్కొక్కరు మొత్తం మీద కట్టింది 88,125 రూపాయలు. రెండో నెలలో ఎత్తుకున్న ఆయన 70,000 తీసుకుని 88,125 కట్టారు. చివరి దాకా ఆగిన టీచరమ్మ 88,125 కట్టి 95,000 తీసుకున్నారు. నిర్వాహకుడిని పక్కన పెడితే మిగతా 19 మందీ కలిసి కట్టింది 16,74,375, అందుకున్నది 15,67,500. తేడా 1,06,875 రూపాయలు ఆయన ఇంటికి చేరాయి.

ఇష్టపూర్వకంగా జరిగే లావాదేవీలో ఇద్దరికీ మేలు జరుగుతుందని అర్థశాస్త్రం మొదటి పాఠంలోనే చెబుతారు కదా. ఇక్కడ 19 మంది కలిసి లక్షకు పైగా వదులుకుంటే ఆ మేలు ఎక్కడున్నట్టు? పైగా వారిలో సగం మందికి ఒకరి పేరు ఒకరికి తెలియదు. అలాంటివారు 20 నెలల పాటు ఒకరి డబ్బు ఒకరి చేతిలో పెట్టడానికి ఎలా సిద్ధపడుతున్నారు?

జవాబు: లెక్కల పంతులు

మీ కూడికలు, తీసివేతలు సరిగానే ఉన్నాయి. చిక్కల్లా రెండో నెల రూపాయినీ ఇరవయ్యో నెల రూపాయినీ ఒకే వరుసలో వేసి కూడటం దగ్గర వచ్చింది. బట్టల కొట్టు ఆయన కొన్నది 70,000 రూపాయలను కాదు, 18 నెలల ముందుతనాన్ని; టీచరమ్మ అమ్మింది కూడా దాన్నే.

ఆ ముందుతనం ధర ఎంతో మన పద్ధతిలోనే, అంటే నూటికి నెలకు ఇన్ని రూపాయలని, లెక్క కట్టవచ్చు. కొట్టు యజమాని మొదటి నెల 5,000 కట్టారు, రెండో నెల తన వాయిదా 3,750 పోగా 66,250 చేతికి తెచ్చుకున్నారు, ఆ తరువాత 18 నెలల్లో 79,375 తిరిగి కట్టారు. దీన్ని అప్పుగా చూస్తే వడ్డీ నెలకు దాదాపు రెండు ముప్పావు రూపాయలు పడుతుంది. టీచరమ్మ వైపు నుంచి చూస్తే, ఆమె దఫదఫాలుగా దాచుకున్న సొమ్ముకు నూటికి నెలకు సుమారు ఎనభై పైసలు, అంటే ఏడాదికి పది శాతానికి అటూ ఇటూగా గిట్టింది. ఈ రెండు రేట్ల మధ్య ఉన్న అంతరంలో ఎక్కువ భాగం కమీషన్‌దీ, మొదటి నెల నిర్వాహకుడు వడ్డీ లేకుండా వాడుకున్న లక్షదీను.

ఇప్పుడు అడగవలసిన ప్రశ్న, చీటీ లేకపోతే వీరిద్దరూ ఏం చేసేవారన్నది. వదులుకున్న రెండో దారితో పోల్చి చూడనిదే ఏ ఖర్చూ ఖర్చని గానీ, ఏ లాభమూ లాభమని గానీ తేల్చలేము. అర్థశాస్త్రంలో ఖర్చు అన్న మాటకు అసలు అర్థం అదే. కొట్టు యజమానికి హామీ పత్రాలు చూపి బ్యాంకులో అప్పు తెచ్చుకునే వీలుంటే రెండు ముప్పావు వడ్డీ ఎక్కువే. ఆ వీలు లేక, దసరా సరుకు కోసం మూడు, నాలుగు రూపాయల వడ్డీకి బయట తేవలసి వస్తే మాత్రం చీటీయే చవక. రొక్కం పెట్టి కొన్నందుకు టోకు వ్యాపారి ఇచ్చే తగ్గింపు, పండుగ అమ్మకాల మీద మిగిలేది కలిపి ఆ వడ్డీని దాటితే ఆయన చీటీ వల్ల బాగుపడ్డట్టే. టీచరమ్మకు ఎదురుగా ఉన్నవి సేవింగ్స్ ఖాతా, రికరింగ్ డిపాజిట్. వాటికంటే ఆమెకు ఎక్కువే వచ్చింది. ఇద్దరి అవసరాలూ వేరు కాబట్టే ఇద్దరికీ గిట్టుబాటయింది. 20 మందికీ అదే నెలలో అంతే గట్టిగా డబ్బు కావలసి వచ్చి ఉంటే ఆ చీటీ నడిచేదే కాదు.

ఇందులో నాకు ఎప్పుడూ ముచ్చటగా కనిపించేది పాట. ఎవరి ఇంట్లో పెళ్లి ఉందో, ఎవరి పంపుసెట్టు కాలిపోయిందో, ఎవరి అబ్బాయికి ఫీజు గడువు దగ్గరపడిందో ఆరా తీసి, ఈ నెల ఫలానా వారికే ఇవ్వాలని తీర్పు చెప్పే పెద్దమనిషి ఇక్కడ అక్కర్లేదు. ఎవరి అవసరం ఎంతటిదో వారికే తెలుసు, ఆ తెలిసినది ఒక అంకెగా బయటికి వస్తుంది. అవసరం లేనివారు ఆ అంకె విని ఊరుకుంటారు, ఊరుకున్నందుకు వారికి ఆ నెల కట్టవలసిన వాయిదా తగ్గుతుంది. ధర చేసే పని ఏమిటో చెప్పడానికి ఇంతకంటే చిన్న ఉదాహరణ నాకు తెలియదు.

జవాబు: మానేరు ఒడ్డు

పంతులుగారి లెక్కతో నాకు పేచీ లేదు గానీ, ఆ లెక్క పాటకు వచ్చినవాడు ఆలోచించి, తూచి పాడాడన్న నమ్మకం మీద నిలబడి ఉంది. మా కరీంనగర్ వైపు ఒక చిట్టీ ఎత్తి ఇంకో చిట్టీ వాయిదా కట్టే ఇళ్లు ఎన్నో. ఆసుపత్రి ఖర్చు మీద పడి రెండో నెలలోనే తెగించి పాడినవాడు కూడా ఇష్టపూర్వకంగానే పాడినట్టు లెక్క. కానీ అతడి ముందున్న రెండో దారి, ఎనిమిదిన్నర వేలు చేతికిచ్చి రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేసే రోజువారీ ఫైనాన్స్. దానితో పోలిస్తే చిట్టీ మేలే, ఒప్పుకుంటాను. అయితే అక్కడ మేలు పెద్దదిగా కనిపించడానికి కారణం రెండో దారి అంత అధ్వానంగా ఉండటమే గానీ చిట్టీ గొప్పతనం కాదు.

ఇక మీ రెండో ప్రశ్న. ఆ 1,06,875 రూపాయల్లో ఎక్కువ భాగం పేర్లు తెలియనివారి మధ్య నమ్మకానికి కట్టిన ధరే. చిట్టీలో అసలు ప్రమాదం పాట పాడిన రోజున మొదలవుతుంది. అప్పటిదాకా బుద్ధిగా కట్టినవాడికి, డబ్బు చేతికి అందాక కట్టడం మానేయడమే లాభం; ఈ సంగతి మిగతా 19 మందికీ తెలుసు. ఒకరి మీద ఒకరు నిఘా పెట్టుకోలేరు కాబట్టి ఆ పనిని ఫోర్‌మన్‌కు, అంటే చిట్టీ నడిపే ఆయనకు, అప్పగించారు. ఎత్తుకున్నవాడి దగ్గర జామీన్లు అడిగేది, జీతం వచ్చే ఉద్యోగిని ఒకరిని తెమ్మనేది, వాయిదా తప్పితే ఇంటి ముందుకు వచ్చి కూర్చునేది ఆయనే. ఒకరు ఎగ్గొట్టినా ఆ నెల పాడుకున్నవాడికి తన చేతి నుంచి ఇవ్వవలసినదీ ఆయనే.

మరి ఆయనే ఊరు విడిచి పోతే? 1982 చిట్ ఫండ్స్ చట్టం దృష్టి అంతా ఇక్కడే ఉంది. రిజిస్ట్రార్ దగ్గర ముందుగా అనుమతి తీసుకోవాలి, హామీ సొమ్ము జమ చేయాలి, ప్రతి పాట వివరాలనూ దాఖలు చేయాలి. కమీషన్ మీద 5 శాతంగా ఉన్న గరిష్ఠ పరిమితిని 2019 సవరణలో 7 శాతానికి పెంచారు. మీ వీధి చిట్టీ రిజిస్టర్ అయినదేనా? కాకపోతే మీరు చెప్పిన కమీషన్‌కు ప్రతిఫలంగా మీకు దక్కింది ఆ మనిషి మాట ఒక్కటే.

తూముగట్టు

రిజిస్టర్ కాలేదు. పక్క వీధిలోనే ఆయన సొంత ఇల్లు ఉంది, ఇరవై ఏళ్లుగా కిరాణా కొట్టు నడుపుతున్నారు. అందరూ ఆ ధైర్యంతోనే చేరారు. ఇద్దరికీ కృతజ్ఞతలు. ఒక్కటి మాత్రం ఇంకా తేలలేదు. పాట లేకుండా, కమీషన్ లేకుండా, వంతుల ప్రకారమో అవసరాన్ని బట్టో ఇచ్చుకుంటే ఆ లక్ష మనలోనే మిగిలేది కదా?

జవాబు: గళ్ల నోటుపుస్తకం

మిగులుతుంది, మనుషులు తక్కువై ఒకరినొకరు బాగా ఎరిగి ఉంటే. మా పొదుపు సంఘం పని చేసేది అలాగే. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం తరువాత ఈ సంఘాలు ఊరూరా పాకాయని మీకు తెలిసే ఉంటుంది. సాధారణంగా పది నుంచి పదిహేను మంది ఉంటారు. పాట ఉండదు. ఎవరికి ముందు ఇవ్వాలన్నది సమావేశంలో కూర్చుని మాట్లాడుకుంటారు, తీసుకున్నవారు కట్టే వడ్డీ తిరిగి సంఘం ఖాతాలోకే వస్తుంది. మీరు అడిగిన లక్షలాంటిది ఇక్కడ బయటికి పోదు.

అలాగని ఇది ఊరికే రాదు. కమీషన్‌గా కట్టనిది ఇంకో రూపంలో కడతాము. నెలకు రెండు సమావేశాలు, హాజరు, తీర్మానాల పుస్తకం, బ్యాంకుకు తిరగడం, ఆ పుస్తకం రాయగలిగిన ఒకరిద్దరి మీద పడే చాకిరీ, అన్నీ ఖర్చులే. అవసరాన్ని బట్టి ఇవ్వాలంటే ఎవరి అవసరం పెద్దదో అందరి ముందూ చెప్పుకోవాలి. భర్త అప్పుల సంగతి పదిమందిలో చెప్పలేక నోరు మూసుకున్న మనిషికి ఆ నెల డబ్బు అందదు. పాటలో ఆమె ఒక అంకె చెప్పి ఊరుకునేది. ఇంకో విషయం, మా సంఘంలోకి కొత్తగా అద్దెకు దిగిన కుటుంబాన్ని చేర్చుకోరు, ఎందుకంటే వాళ్లు రేపు ఎక్కడుంటారో తెలియదు. జామీను తెచ్చుకుంటే చాలు, రిజిస్టర్డ్ చిట్ కంపెనీ వాళ్లకు మనిషి ఏ ఊరివాడైనా పట్టింపు లేదు.

గుంపు పూచీ, అంటే ఒకరి బాకీకి అందరూ బాధ్యులు కావడం, ఎప్పుడూ మంచికే పని చేస్తుందని కూడా అనుకోకండి. సూక్ష్మరుణ సంస్థలు ఇదే పూచీని వాడుకుని, వాయిదా తప్పిన మనిషి మీదికి తోటి సభ్యులనే ఎగదోసినప్పుడు పరిస్థితి ఎంత దూరం వెళ్లిందంటే 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవలసి వచ్చింది. మా సంఘంలో పూచీ నిలబడటానికి కారణం ఆ డబ్బు మాదే కావడం. అక్కడ డబ్బు బయటివారిది, దాన్ని ఎవరికి ఎంత ఇవ్వాలో నిర్ణయించినదీ బయటివారే, భారం మాత్రం గుంపుది.

జవాబు: లెక్కల పంతులు

మానేరు ఒడ్డు గారు చెప్పిన తెగింపు పాటల గురించి ఒక మాట చేర్చాలి. నియమబద్ధంగా నడిచే చీటీల్లో తగ్గింపుకు ఒక పైహద్దు ఉంటుంది. ఆపదలో ఉన్నవాడు మరీ దిగిపోయి పాడకుండా కాపాడటం దాని ఉద్దేశం. అయితే ఆ హద్దు దాకా ఒకరికంటే ఎక్కువ మంది పాడితే వారిలో ఎవరికివ్వాలో లాటరీ తీసి తేలుస్తారు. అంటే ఆసుపత్రి బిల్లు కోసం వచ్చినవాడూ, ఆ సొమ్మును పైవడ్డీకి తిప్పుకోవాలని వచ్చినవాడూ ఒకే హద్దు దగ్గర నిలబడతారు, ఎవరికి వస్తుందన్నది అదృష్టం. ధరకు కళ్లెం వేసిన ప్రతిచోటా వచ్చే చిక్కే ఇది. ధర మీద జరగవలసిన పోటీ వరుసలోకో, లాటరీలోకో, పలుకుబడిలోకో మళ్లుతుంది. అందుకని హద్దు తీసేయమంటే ఆయన చెప్పిన ఇళ్లు ఇంకా లోతుకు దిగుతాయి. నా మటుకు నేను హద్దు ఉండాలనే అంటాను.

తూముగట్టు గారూ, మీ వీధి చీటీలో రెండో నెల నుంచి ఆరో నెల దాకా అసలు పాటలు ఎంతెంతకు ఆగాయో, పోటీకి ఎందరు వచ్చారో చెప్పగలరా? మీరు అంకెలను సవరించి ఇచ్చారు కాబట్టి అడుగుతున్నాను. ఆ నెలల్లో ఒకరిద్దరే పాడి ఉంటే నా రెండు ముప్పావు లెక్కలో మార్పు వస్తుంది.