చేతితో నింపుకున్న తూటాలతో పిస్తోలు గురి కుదురుతుందా?

సైనిక్‌పురి సభ్యుడు: .32 క్యాలిబర్ (గొట్టం లోపలి వెడల్పు కొలత) పిస్తోలుతో 25 మీటర్ల పోటీకి సాధన చేస్తున్నాను. అమెరికాలో చాలామంది తుపాకిమందు తూకం వేసి, గుండు కూర్చి తూటాలు తామే తయారుచేసుకుంటారట. దాంతో గుండ్లన్నీ ఒకేచోట పడతాయట. మన హైదరాబాదు షూటర్లు ఆ దారి ఎందుకు పట్టరు?

గచ్చిబౌలి సభ్యుడు: ముందు చట్టం సంగతి. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. ఇంట్లో ఆ పని తలపెట్టకండి.

ఇక లెక్క చూడండి. సెకనుకు 250 మీటర్ల వేగంతో వెళ్లే గుండు 25 మీటర్లలో సుమారు 49 మిల్లీమీటర్లు దిగుతుంది. వేగం 260 అయితే 45. మందులో తేడా వల్ల వేగం అంత మారినా దిగుడులో తేడా నాలుగు మిల్లీమీటర్లే. ప్రెసిషన్ టార్గెట్‌లో పది పాయింట్ల వలయం వెడల్పు 50 మిల్లీమీటర్లు. అదే, గురి చూసే రెండు సైట్ల మధ్య 20 సెంటీమీటర్లున్న పిస్తోలులో ముందు సైటు ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే టార్గెట్ దగ్గర 125 మిల్లీమీటర్లు తప్పుతుంది! ఆడలేక మద్దెల ఓడు అనకూడదు కదా. ఖాళీ పిస్తోలు గొట్టం మీద రూపాయి బిళ్ల పెట్టి ట్రిగ్గర్ నొక్కండి. బిళ్ల పడకుండా నిలిచేంత వరకు తూటాను నిందించకండి.

మల్కాజిగిరి సభ్యుడు: మద్దెల నిజంగానే ఓడైతే? మీ లెక్కలో గుండు దిగుడు ఒక్కటే ఉంది. గుండు గొట్టంలో సరిగా అమరకపోయినా, వంకరగా కూర్చున్నా వచ్చే తేడా అందులో లేదు. ఒకే కంపెనీ .22 తూటాలు రెండు లాట్లవి (వేర్వేరు విడతల్లో తయారైనవి) తెచ్చి, పిస్తోలును కదలకుండా పట్టి ఉంచే రెస్టులో బిగించి ఐదేసి కాల్చాం. ఒక కాగితం మీద ఐదు రంధ్రాలనూ బొటనవేలితో మూసేయవచ్చు. రెండో దాని మీద మూడు వేళ్ల వెడల్పున చెల్లాచెదురయ్యాయి. అక్కడ చేతి తప్పేముంది?

గచ్చిబౌలి సభ్యుడు: అది ఒప్పుకుంటాను. అయితే దానికి మందు నింపనక్కర్లేదు. .22లో నిప్పురవ్వ పుట్టించే మసాలా తూటా అంచులోనే ఉంటుంది, కాల్చిన తూటా తొడుగును మళ్లీ నింపుకునే వీలూ ఉండదు. రెస్టు మీద లాట్లు పరీక్షించి, కుదిరిన లాట్‌నే పోటీకి ఎక్కువగా కొనిపెట్టుకోవడమే మనకున్న దారి.

సైనిక్‌పురి సభ్యుడు: నా దగ్గర .32 తూటాలు రెండు లాట్లవి ఉన్నాయి. ఆదివారం రేంజికి తెస్తాను. మల్కాజిగిరి వారు రెస్టు తీసుకురాగలరా?